సూరత్ దస్త్రాల్లో హబ్షీలు

ఏ లైబ్రరీ కాటలాగులోనైనా ‘ఆఫ్రికా చరిత్ర’ అని వెతకండి, సూరత్ తగలదు. ‘సూరత్ చరిత్ర’ అని వెతకండి, ఆఫ్రికా తగలదు. కానీ 1759 మార్చి దాకా సూరత్ కోట కిల్లేదారు సిద్దీ. హజ్ యాత్రకు పోయే ఓడలను, సరుకు ఓడలను కాపాడమని ఔరంగజేబు సొమ్మిచ్చి పెట్టుకున్న నౌకాదళానికి అధిపతి సిద్దీ. ఊరికి దక్షిణాన ఇప్పుడు జీఐడీసీ ఫ్యాక్టరీలున్న సచిన్‌ను 1791 నుంచి 1948 దాకా ఏలిన నవాబులు సిద్దీలు. సిద్దీలనే హబ్షీలనీ అంటారు. వీళ్లందరి పూర్వీకులూ ఆఫ్రికా తూర్పు తీరం నుంచి, అబిసీనియా నుంచి వచ్చినవాళ్లు. కొందరు బానిసలుగా, కొందరు సిపాయిలుగా, కొందరు నావికులుగా, కొందరు వ్యాపారులుగా.

నేనుండేది అమ్రోలీలో, తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున. మా నాయన వరంగల్ వైపు నుంచి సంచాల మీద పనికి వచ్చిన సాలె. ఇక్కడ పవర్‌లూమును సంచా అంటారు, బట్ట తానును టాకా అంటారు. నేను సూరత్ నగరపాలిక తెలుగు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పోయిన వానాకాలం ఇంటికి వచ్చి అడిగింది.

“సార్, హిందూ మహాసముద్రం మీదుగా వచ్చిన ఆఫ్రికా వాళ్ల మీద పని చేద్దామనుకుంటున్న. మా గైడ్ ప్రైమరీ సోర్సులు ఏడున్నయో చూపియ్యమంటున్నడు. లండన్ పోవాల్నా, లిస్బన్ పోవాల్నా?”

“పోతువులే అమ్మా. ముందు తాపీ దాటు,” అన్నాను.

ఆ తర్వాత చాలా ఆదివారాలు మా మాటలు ఈ సంగతి మీదనే నడిచాయి. నేను ఆమెకు చెప్పింది ఒకటే. ఆఫ్రికా మనిషి గురించిన కాగితం ఆఫ్రికా అన్న శీర్షిక కింద ఉండదు. కోట కింద ఉంటుంది, నౌక కింద ఉంటుంది, జీతాల కింద ఉంటుంది, అన్నిటికన్నా ఎక్కువగా బట్ట కింద ఉంటుంది. ఆ కాగితం రాసినవాడికి అతనితో ఏదో పని పడింది కాబట్టి రాశాడు. ఆ పని ఏమిటో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

ముందుగా, హబ్షీ దగ్గర కొలువు చేసిన వాడు రాసిన పుస్తకం. పదహారో శతాబ్దపు గుజరాత్ సుల్తానుల దర్బారులో హబ్షీ అమీర్లు బలమైన వర్గం. అహ్మదాబాదులో రాతిని లేసులా చెక్కిన జాలీలున్న సిద్దీ సయ్యద్ మసీదు ఆ వర్గం వాళ్లలో ఒకరు 1572-73లో కట్టించిందే. ఆ అమీర్లలో ఉలుగ్ ఖాన్ అనే ఆయన దగ్గర ఒక అరబ్బు మున్షీ ఉండేవాడు. మక్కాలో పుట్టి, చిన్న వయసులోనే గుజరాత్ చేరిన అబ్దుల్లా ముహమ్మద్. హాజీ అద్దబీర్ అన్న పేరుతో ప్రసిద్ధుడు. తన పేరు చివర ‘ఉలుగ్‌ఖానీ’ అని యజమాని పేరు తగిలించుకున్నాడు. గుజరాత్ చరిత్రను అరబ్బీలో రాశాడు. డెనిసన్ రాస్ దాన్ని 1910 నుంచి 1928 లోపు మూడు సంపుటాలుగా అచ్చు వేయించాడు. తర్వాత బరోడా ప్రాచ్య గ్రంథమాలలో లోఖండ్‌వాలా ఇంగ్లీషు అనువాదం వచ్చింది.

ఆ పుస్తకంలో హబ్షీ సర్దారులు పేర్లతో, తగాదాలతో, దానధర్మాలతో నడిచే మనుషులు. ఇంకొక విశేషం కూడా ఉంది. ఇథియోపియా మీద ఇమామ్ అహ్మద్ చేసిన యుద్ధాల కథను ఆయన అంతకు ముందున్న ఒక అరబ్బీ గ్రంథం ఆధారంగా ఇందులో చేర్చాడు. గుజరాత్‌లో కొలువు చేస్తున్న తన యజమాని వంటి వాళ్లు ఎక్కడి నుంచి, ఏ యుద్ధాల్లో చిక్కి వచ్చారో చెప్పడానికి ఆయనకు ఆ కథ కావలసి వచ్చింది. అందుకే గుజరాత్ సుల్తానుల చరిత్ర అన్న అట్ట మధ్య ఇథియోపియా చరిత్రకు పనికొచ్చే పుటలున్నాయి. ఉప్పు తిన్నవాడు రాసినది కాబట్టి పొగడ్త ఉంటుంది, దాన్ని తీసేసి చదవాలి. అయినా హబ్షీలను లోపలి నుంచి చూసిన పుస్తకం అంతకు మించి నాకు తెలియదు.

రెండోది, శత్రువు రాసినది. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నిలబెట్టిన మలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి దక్కన్ చేరాడు. జహంగీరు తన ఆత్మకథలో ఆయన ప్రస్తావన వచ్చినప్పుడు తిట్టకుండా దాటడం అరుదు. 1616 ప్రాంతంలో అబుల్ హసన్ చేత ఒక బొమ్మ కూడా వేయించుకున్నాడు. అందులో పాదుషా భూగోళం మీద నిలబడి, ఈటెకు గుచ్చిన అంబర్ తలకు బాణం గురిపెడతాడు. ఆ బొమ్మ ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. నిజానికి అంబర్ ఆయన చేతికి ఎన్నడూ చిక్కలేదు. 1626లో ముసలితనంలో మామూలుగా పోయాడు. ఆ చావు గురించి జహంగీరు కొలువులోనే ఉన్న ముతమద్ ఖాన్ రాస్తూ, యుద్ధంలో, పాలనలో ఆయనకు సాటి లేరని మెచ్చుకున్నాడు. శత్రువు బతికుండగా రాసిన కాగితం, పోయాక రాసిన కాగితం పక్కపక్కన పెట్టి చదవమని ఆ అమ్మాయికి చెప్పాను.

మూడో సాక్షి మనకు చుట్టం లాంటివాడు, ఎందుకంటే సూరత్ నుంచి మచిలీపట్నం దాకా నేల దారిన నడిచి వచ్చాడు. పీటర్ వాన్ డెన్ బ్రూకె డచ్చి వర్తకుడు. 1617లో అతని ఓడలు సూరత్ తీరాన దెబ్బతిన్నాయి. సముద్రం మీద పోయే మార్గం లేక మనుషులను వెంటబెట్టుకుని దక్కన్ గుండా డచ్చి కోఠీ ఉన్న మచిలీపట్నానికి బయలుదేరాడు. మధ్యలో మలిక్ అంబర్ శిబిరం. అంబర్ అతన్ని మర్యాదగా చూశాడు. వర్తకుడు ఆయన రూపురేఖలు, బానిసగా అమ్ముడుపోయిన పూర్వకథ, శిబిరంలో అమలయ్యే క్రమశిక్షణ తన దినచర్య పుస్తకంలో ఎక్కించాడు. తర్వాత 1620 నుంచి 1629 దాకా సూరత్ డచ్చి కోఠీకి పెద్దగా ఉన్నాడు.

ఈ మనిషే అంతకు ముందు, 1605 నుంచి 1612 లోపు, కేప్ వెర్డీ, గినీ, అంగోలా తీరాల్లో వ్యాపారం చేశాడు. ఆ ప్రయాణాల దినచర్యను హక్లూట్ సొసైటీ 2000లో అచ్చు వేసింది. అంటే పడమటి ఆఫ్రికా మీద పని చేసేవాళ్లు, మలిక్ అంబర్ మీద పని చేసేవాళ్లు ఒకే మనిషి రాతను చదువుతున్నారు, కాకపోతే వేరువేరు అట్టల మధ్య. ఏనుగు దంతాలు కొన్న కంటితోనే అతను దక్కన్‌లో హబ్షీ సేనానిని చూశాడు. ఆ రెండూ కలిపి చదివితేనే ఆ చూపు సంగతి తెలుస్తుంది. ఫ్రాన్స్ హాల్స్ చిత్రించిన అతని ధీమా నిండిన ముఖం లండన్‌లోని కెన్‌వుడ్ భవనంలో ఉంది. అతను చూసిన బానిసలకు మాత్రం ముఖాలు లేవు.

నాలుగోది, భయపడ్డవాడు రాసినది. అమ్రోలీ వంతెన దాటి కతార్‌గామ్ వైపు పోతే ఇంగ్లీషు, డచ్చి వాళ్ల గోరీలున్నాయి, గుమ్మటాలతో నవాబుల గోరీలకు పోటీగా. ఇంగ్లీషు కోఠీ వాళ్లైన ఆక్సెండెన్ అన్నదమ్ములు, 1659లో పోయినవాడు, 1669లో పోయినవాడు, ఒకే గుమ్మటం నీడన ఉన్నారు. వాళ్ల కోఠీ రాసిన ఉత్తరాలు రాశులుగా మిగిలాయి. 1618 నుంచి 1669 దాకా ఉన్నవాటి సారాన్ని విలియం ఫాస్టర్ పదమూడు సంపుటాల్లో ఇచ్చాడు. 1670 తర్వాతవి చార్లెస్ ఫాసెట్ సంకలనంలో దొరుకుతాయి. సిద్దీల కోసం ఫాసెట్ నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే సిద్దీల నౌకాదళం మొగలుల కొలువులోకి వచ్చింది సరిగ్గా ఆ కాలంలోనే. అసలు కాగితాలు కొన్ని లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, కొన్ని ముంబయిలో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ భవనంలోని మహారాష్ట్ర ఆర్కైవ్స్‌లో.

ఆ ఉత్తరాల నిండా సిద్దీ అంటే బెదురే. వానాకాలం నాలుగు నెలలు సిద్దీ ఓడలు బొంబాయి రేవులో లంగరు వేస్తామంటాయి. వద్దంటే ఔరంగజేబుకు కోపం, సరే అంటే శివాజీకి కోపం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పెద్ద జాన్ చైల్డ్ మొగలు ఓడలను పట్టుకుని గొడవ పెట్టుకున్నప్పుడు 1689లో సిద్దీ యాకూత్ ఖాన్ బొంబాయి మీదికి వచ్చి మజ్‌గావ్, మాహిమ్ పట్టుకుని కోటను చుట్టుముట్టాడు. 1690లో కంపెనీ ఔరంగజేబుకు లక్షన్నర రూపాయల జరిమానా కట్టి, క్షమాపణ చెప్పుకుంటే గాని ఆయన కదల్లేదు. ఆఫ్రికా సంతతి వాడైన నౌకాదళాధిపతి ముందు ఇంగ్లీషు కంపెనీ తలవంచిన ఈ ముట్టడి మన స్కూలు పుస్తకాల్లో నేను పాఠం చెప్పినన్నాళ్లూ ఒక్క వాక్యంగా కూడా లేదు.

భయం తీరాక రాసినది ఇంకోలా ఉంటుంది. 1759 మార్చిలో కంపెనీ సైన్యం సూరత్ కోటను సిద్దీల చేతిలోంచి లాక్కుంది. సిద్దీ జులుం భరించలేక వర్తకులే తమను వేడుకున్నారని కంపెనీ రాసుకుంది. వేడుకున్న మాట కొంత నిజం కావచ్చు. కానీ కోటతోపాటు నౌకాదళం కోసం సూరత్ ఆదాయం నుంచి ఏటా కేటాయించే తన్ఖా కూడా కంపెనీకే దక్కింది. ఆ తర్వాత చాలాకాలం ఒక బురుజు మీద మొగలు జెండా, ఇంకో బురుజు మీద ఇంగ్లీషు జెండా ఎగిరాయి. సొమ్ము ఎవరికి చేరిందో కనుక్కున్నాకే ఫిర్యాదు కాగితం చదవాలని పిల్లకు చెప్పాను. సచిన్ నవాబుల కాలానికి వస్తే వాళ్ల వారసత్వ తగాదాలు, పన్నులు, పిల్లల చదువులు అన్నీ బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ల ఫైళ్లలో నమోదయ్యాయి. అక్కడ సిద్దీ ఒక బానిస వారసుడిగా కాక ఒక చిన్న రాజుగా కనిపిస్తాడు.

ఇంతవరకు నేను చెప్పినవాళ్లంతా పెద్దలు, సర్దారులు. ఆమె అక్కడే నన్ను పట్టుకుంది.

“సార్, వీళ్లంతా గెలిచినోళ్లే. గెలవనోళ్ల సంగతేంది? కూలి చేసినోళ్లు, అమ్ముడుపోయినోళ్లు?”

సాలె ఇంట్లో పుట్టినవాణ్ని, ఆ ప్రశ్నకు జవాబు నాకు బట్టలోనే కనిపించింది. మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం డచ్చి కోఠీలు మన సాలెల దగ్గర ముతక నూలు తానులు కొనేవి. కొన్ని తెల్లవి, కొన్ని నీలిమందు రంగువి. వాటికి కంపెనీ పుస్తకాల్లో పేరే ‘గినీ’. పోయి చేరేది ఆఫ్రికా పడమటి తీరం కాబట్టి. అవి ముందు ఆమ్‌స్టర్‌డామ్‌కో లండన్‌కో చేరేవి. అక్కడి వేలంపాటల్లో ఆఫ్రికా వ్యాపారులు కొనుక్కుని గినీ తీరానికి ఓడలెక్కించేవాళ్లు. 1672లో పుట్టిన ఇంగ్లీషు రాయల్ ఆఫ్రికన్ కంపెనీ కూడా భారతదేశపు బట్టల మీదనే బాగా ఆధారపడింది. ఆ తీరంలో ఆ బట్టలిచ్చి కొన్న సరుకుల్లో మనుషులు కూడా ఉన్నారు. మన నేతగాడికి తన తాను ఎక్కడ తేలుతుందో తెలియదు, కొన్న కంపెనీకి మాత్రం తెలుసు.

సూరత్ వైపున కూడా అదే కథ, సముద్రం వేరు అంతే. గుజరాత్ బట్టలు డయ్యూ, డామన్ వణిక్కుల ఓడల్లో మొజాంబిక్ పోయేవి. తిరుగు ఓడల్లో ఏనుగు దంతం వచ్చేది, బానిసలూ వచ్చేవాళ్లు. ఆ లెక్కలు పోర్చుగీసు వాళ్లవి. లిస్బన్‌లో ఉన్నాయి, పణజిలోని గోవా ఆర్కైవ్స్‌లోనూ ఉన్నాయి. కాబట్టి బానిసల పేర్లు దొరకని చోట బట్టల ఇన్వాయిసులు చదవాలి. ఏ రంగు తాను ఏ ఏడు ఎక్కువ అడిగారు, ఎప్పుడు అడగడం మానేశారు, ఆ ఒక్క వరుస నుంచి అవతలి తీరంలో ఆఫ్రికా కొనుగోలుదారు అభిరుచి బయటపడుతుంది. వాళ్లు ఏది పడితే అది తీసుకోలేదు. నచ్చని రంగు వెనక్కి పోయేది, కోఠీ నుంచి మన ఊళ్లకు సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చేది. చదవడం తెలిస్తే కంపెనీ లెక్కల పుస్తకం ఆఫ్రికా మనుషుల ఇష్టాయిష్టాల పుస్తకం కూడా.

ఒక్క మనిషి మాత్రం తన కథ తాను చెప్పుకున్నాడు. సిద్దీ ముబారక్ బొంబే. తూర్పు ఆఫ్రికాలో యావో తెగ వాడు. దాదాపు పన్నెండేళ్ల వయసులో బానిస వ్యాపారులు పట్టుకున్నారు, బట్టకు బదులుగా అతన్ని అమ్మారు. సముద్రం దాటి పశ్చిమ భారతానికి వచ్చి ఏళ్ల తరబడి సేవ చేశాడు. యజమాని చనిపోయాక విడుదలై జాంజిబార్ తిరిగి పోయాడు. 1857లో నైలు నది పుట్టుక వెతుకుతూ బర్టన్, స్పీక్ వచ్చినప్పుడు వాళ్లకు దారి చూపిన వాడు ఇతనే. స్పీక్‌కు, అతనికి నడుమ మాట్లాడుకునే భాష హిందుస్తానీ. ఒకరు బ్రిటిష్ సైన్యంలో నేర్చుకున్నది, ఇంకొకరు బానిసగా నేర్చుకున్నది. తర్వాత 1871లో స్టాన్లీ వెంట, 1873లో కామెరాన్ వెంట నడిచి ఆ ఖండాన్ని ఒక తీరం నుంచి ఇంకో తీరానికి దాటాడు. రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి పతకం, పింఛను ఇచ్చింది. 1885లో పోయాడు.

అతను చెప్పిన జీవితకథను స్పీక్ తన 1864 పుస్తకంలో వేశాడు. బొంబే హిందుస్తానీలో చెప్పాడు, స్పీక్ ఇంగ్లీషులో రాసుకున్నాడు, అచ్చులో కుదించాడు. ఇన్ని చేతులు మారినా అందులో ఒక కుర్రవాడి కళ్లకు కనిపించిన దృశ్యం ఉంది. ఊరిని అప్పుల పేరు చెప్పి చుట్టుముట్టడం, తల్లిదండ్రులు ఏమయ్యారో తెలియకపోవడం. ఈ కొన్ని పేజీలు ఎప్పుడు చదివినా బట్టకు బదులు అన్న మాట దగ్గర ఆగిపోతాను.

కాగితం ఆగిపోయిన చోట నేలను, పాటను చూడాలి. భరూచ్ జిల్లా ఝగడియా తాలూకాలో రతన్‌పూర్ కొండ మీద బావా గోర్ దర్గా ఉంది. ఆఫ్రికా నుంచి వచ్చిన అకీకు రాళ్ల వర్తకుడే ఈ సాధువని సిద్దీలు చెప్పుకుంటారు. ఆ చుట్టుపక్కల గనుల్లో తవ్విన రాయి ఖంభాత్‌లో పూసలయ్యేది. ఆ పూసలు ఆఫ్రికా తూర్పు తీరపు తవ్వకాల్లో బయటపడుతూనే ఉన్నాయి. దర్గాలో ఆడే గోమా నాట్యం, కాళ్లున్న ముగర్మాన్ డోలు, విల్లులాంటి మలుంగా వాద్యం, వీటి తోబుట్టువులను తూర్పు ఆఫ్రికాలో గుర్తించారు. హైదరాబాదు ఏసీ గార్డ్స్ బస్తీ కూడా ఇలాంటి సాక్ష్యమే. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు వచ్చిన ఆఫ్రికా ఆశ్వికదళం వాళ్ల కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. పెళ్లిళ్లలో వినిపించే మర్ఫాలో వాళ్ల చేతి దెబ్బ ఉంది. ఇలాంటి చోట పరిశోధకురాలు చేయవలసిన పని ఒకటుంది. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్లకు ఎవరు చెప్పారు, ఇది రాసుకోవాలి. లేకపోతే మనవడి మాట తాత మాటగా చలామణి అవుతుంది.

ఆమెకు ఇచ్చిన చీటీ మీద రాసినవి ఇవి. కాటలాగులో ఆఫ్రికా అని కొట్టకు. సిద్దీ, సీదీ, హబ్షీ, కాఫ్రీ అని వెతుకు, యూరోపియన్ల రాతలో అవి నానా స్పెల్లింగులు పోతాయి. యాకూత్, అంబర్, ఫౌలాద్ వంటి పేర్లు కనిపిస్తే ఆగి చూడు, బానిసలకు రత్నాల పేర్లు, సుగంధాల పేర్లు, ఉక్కు పేర్లు పెట్టడం అలవాటు. కానీ ఆ పేరున్న ప్రతివాడూ హబ్షీ అనుకోకు. ప్రచురిత సంపుటం చదివాక అసలు కాగితం తెప్పించు, సంపాదకుడు అనవసరం అనుకుని వదిలేసినదే నీకు కావలసింది. లోపం కనిపిస్తే రాసుకో, మౌనం కూడా ఆధారమే, కానీ మౌనం మీద కథ అల్లకు.

ఇక మన ఇంటి పని. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ పాలన నాటి ఫార్సీ కాగితాలు లక్షకు మించి ఉన్నాయి. అందులో సిపాయిల చెహ్రాలు ఉంటాయి, అంటే ప్రతి రౌతు తండ్రి పేరు, జాతి, ఒంటి రంగు, మచ్చలు, గుర్రం ముద్ర రాసిన చీటీలు. చరిత్రలో పేరు దక్కని మామూలు సిపాయిలకు ముఖం ఇచ్చిన రికార్డు అది. ఆదోని సంగతీ అంతే. బీజాపూర్ రాజ్యానికి రాజప్రతినిధిగా ఉన్న సిద్దీ మసూద్ ఖాన్ 1683లో పదవి వదిలి ఆదోనికి వచ్చాడు. అక్కడి జామియా మసీదు ఆయన పేరుతోనే ప్రసిద్ధం. 1688లో మొదటి నిజాం తండ్రి ఫిరోజ్ జంగ్ ముట్టడికి లొంగి కోట ఇచ్చేశాడు. తెలుగు నేల మీద ఇంత పెద్ద హబ్షీ ప్రభువు ఉంటే, ఆయనను రైతు ఎలా గుర్తుపెట్టుకున్నాడో చెప్పగలిగినవి ఫార్సీ చరిత్రలు కావు. కావలి సోదరులు కల్నల్ మెకంజీ కోసం ఊరూరా సేకరించిన సీమ కైఫీయత్తులు, దండకవిలెలు. వాటిని ఆ దృష్టితో ఒక్కొక్క పేజీ తిప్పాల్సి ఉంది.

దానికి ఫార్సీ వచ్చిన తెలుగువాళ్లు కావాలి, తెలుగు కైఫీయత్తు రాత చదవగల గుజరాతీ చరిత్రకారులు కావాలి, డచ్చి నేర్చుకున్న మచిలీపట్నం పిల్లలు కావాలి. అమ్రోలీలో సంచాల వీధి పిల్లకు తెలుగు, గుజరాతీ, హిందీ పుట్టుకతోనే వస్తాయి. ఒడియా కూడా సగం వస్తుంది, పక్క మగ్గం వాడు గంజాం వాడు కాబట్టి. ఐదో భాష ఆమెకు భారం కాదు. ఈ ఏడు ఫార్సీ క్లాసులో చేరింది. మొన్న ఫోను చేసి, “సార్, చెహ్రాలు చదవాలంటే షికస్తా రాత రావాలంట, ఇంకో రెండేండ్లు పడతదంట” అంది. పడనీ అమ్మా అన్నాను. మూడు వందల ఏండ్లు చదవకుండా ఉన్న కాగితం, ఇంకో రెండేండ్లు ఆగుతుంది. నీ గైడ్‌కు మాత్రం ఈ సంగతి ఇప్పుడే చెప్పు.